కృష్ణమ్మ కడపటి అడవి: దివిసీమ అభయారణ్యం పుట్టుపూర్వోత్తరాలు

1864 జూన్ 30న అమెరికా అధ్యక్షుడు అబ్రహాం లింకన్ యోసెమిటీ లోయను కాలిఫోర్నియా రాష్ట్రానికి అప్పగిస్తూ సంతకం పెట్టాడు. జనం వచ్చి చూసి సేదతీరడానికే ఆ నేల ఎప్పటికీ ఉండాలన్నది షరతు. అదే ఏడు నవంబరు 1 రాత్రి బందరు మీద ఉప్పెన విరుచుకుపడి సుమారు 30,000 మందిని పొట్టన పెట్టుకుంది. ఈ రెంటికీ సంబంధమేమీ లేదు. కానీ అడవిని కాపాడాలన్న ఆలోచన అక్కడ ఏ దారిన నడిచిందో, ఇక్కడ ఏ దారిన నడిచిందో పోల్చి చూడటానికి ఆ ఏడాదిని మించిన మొదలు లేదు. అక్కడ రక్షణ జనాన్ని రమ్మనడంతో మొదలైంది. మన దివిసీమ కొసన ఉన్న మడ అడవికి అది గొడ్డలి భయంతో, ఉప్పెన భయంతో, అడుగుపెట్టవద్దన్న ఆంక్షతో వచ్చింది. ఆ తేడాకి మనం ఇంకా మూల్యం చెల్లిస్తున్నాం.

మన పిల్లలు ఎందరో స్థిరపడ్డ మినెసొటా సంగతే చూడండి. కొత్తగా వెళ్ళిన తెలుగు కుటుంబానికి అక్కడివాళ్ళు ముందుగా చెప్పే చోట్లలో ఇటాస్కా ఒకటి. మిసిసిపీ నది పుట్టిన సరస్సు అది. 1891లో ఆ రాష్ట్ర శాసనసభ ఒక్క ఓటు తేడాతో దాన్ని స్టేట్ పార్కు చేసింది. కలప కంపెనీల నరుకుడు ఆ తరవాత కూడా చాలా ఏళ్ళు సాగింది. ఇవాళ పిల్లలు రాళ్ళ మీద గెంతుతూ నదిని దాటే చోటు కూడా పూర్తిగా సహజమైనది కాదు. 1930లలో పక్కనున్న బురద నేలను సరిచేసి, రాళ్ళు పేర్చి, చూడముచ్చటగా తీర్చారు. దాన్ని మెచ్చుకోవాలో వద్దో వేరే చర్చ. ఏటా లక్షల మంది వచ్చి చూసే చోటును నరికేస్తామని ఏ ప్రభుత్వమూ అనలేదు, నాకు ముఖ్యం అది. ఇటాస్కా నది పుట్టే చోటు, మనది నది కలిసే చోటు. అవనిగడ్డ నుంచి గంటసేపు ప్రయాణంలో ఉన్న ఆ చోటును బందరు, గుడివాడ వాళ్ళలోనే చూసినవాళ్ళు తక్కువ.

పులిగడ్డ దగ్గర కృష్ణ రెండు పాయలవుతుంది. ఆ పాయల నడుమ నేలే దివిసీమ. ఒక పాయ హంసలదీవి వైపు పోతే, పెద్ద పాయ ఇంకా దిగువకెళ్ళి మళ్ళీ చీలి, ఎదురుమొండి లాంటి లంకలను చుట్టి సముద్రంలో కలుస్తుంది. ఈ నేలంతా నది మోసుకొచ్చిన ఒండ్రు. ఒండ్రు మీద ఉప్పునీరు రోజూ రెండుసార్లు పోటెత్తి తీసే చోట మామూలు చెట్టు బతకదు, మడ బతుకుతుంది. తెల్లమడ ఆకు తిప్పి చూస్తే అడుగున సన్నటి ఉప్పు పలుకులు కనిపిస్తాయి. పీల్చుకున్న ఉప్పును ఆకు బయటికి తోసేస్తుంది. వేళ్ళకు గాలి ఆడని బురద కాబట్టి, చెట్టు చుట్టూ పెన్సిళ్ళు గుచ్చినట్టు ఊపిరి వేళ్ళు పైకి లేస్తాయి. ఉప్పుపొన్న గింజ చెట్టు మీదుండగానే మొలకెత్తి, నిలువునా బురదలోకి దిగుతుంది. తిల్ల కొమ్మ విరిస్తే కారే పాలు కంటికి ప్రమాదం. ఆ సంగతి తెలిసిన వాళ్ళెవరూ తిల్ల జోలికి పోరు.

ఈ అడవిని సర్కారు మొదట రిజర్వు చేసింది అందం కోసం కాదు, వంటచెరకు కోసం. వంతులవారీగా కూపులు వేసి నరికించింది. నరికిన చోట నేల ఎండి కుంగింది. పోటు నీరు అందులోకి వచ్చి తిరిగి పోలేక నిలిచి, ఎండకు ఆవిరై, ఉప్పు పేరుకుపోయి మడ విత్తనం కూడా మొలవని చౌడుగా మారింది. దివిసీమను ముంచెత్తిన 1977 నవంబరు 19 ఉప్పెన తరవాతే ఈ చెట్లను వేరే కంటితో చూడటం మొదలైంది. 1989లో కృష్ణ పాయలకు రెండువైపులా సొర్లగొంది, నాచుగుంట, ఎలిచెట్లదిబ్బ వంటి రిజర్వు అడవులను కలిపి 194.81 చదరపు కిలోమీటర్ల కృష్ణా వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 1990లలో స్వామినాథన్ పరిశోధనా సంస్థ, అటవీ శాఖ, చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు కలిసి చౌడు నేలల్లో చేప ముల్లు ఆకారంలో కాలవలు తవ్వి, పోటు నీరు వచ్చిపోయేలా చేసి మళ్ళీ మడను నిలిపారు. ఉపగ్రహం పంపిన బొమ్మల్లో ఆ పచ్చదనం కనిపించింది. చెట్టు నాటడం కన్నా నీటికి దారివ్వడమే అసలు మందని ఆ పని రుజువు చేసింది.

మడ ఉంటే ఉప్పెన ఆగిపోతుందని కొందరంటారు. నేనలా అనను. 1977లో సుమారు 5 మీటర్ల ఎత్తున వచ్చిన నీటిని ఏ చెట్లూ ఆపలేవు. దట్టమైన మడ అల ఊపును తగ్గిస్తుంది, కట్ట కోతను ఆపుతుంది, కొట్టుకుపోయే మనిషికి పట్టుకోవడానికి కొమ్మనిస్తుంది. అంతవరకే చెప్పడం న్యాయం, ఆ మాత్రం కూడా చాలా పెద్ద మేలు.

చట్టం గొడ్డలిని ఆపగలిగింది గానీ నదిని రప్పించలేదు. 1960ల చివర కృష్ణ ఏడాదికి 90 లక్షల టన్నుల ఒండ్రు సముద్రానికి తెచ్చేది. 2000 తరవాత అది 4 లక్షల టన్నులకు పడిపోయిందని డెల్టా తీరాన్ని అధ్యయనం చేసిన శాస్త్రజ్ఞులు లెక్క తేల్చారు. ఎగువన ఆనకట్టలు అంతకంతకు పెరిగాయి. ఒండ్రు రాకపోతే తీరం కోతకు గురవుతుంది, తీరంతో పాటు మడ కూడా. అభయారణ్యం హద్దురాళ్ళ లోపల కూర్చున్న ఏ అధికారీ దీన్ని సరిచేయలేడు. నది సంగతి అలా ఉండగా, ఇదే దివిసీమలోని గుల్లలమోదలో క్షిపణి పరీక్షా కేంద్రానికి 2025 మే 2న శంకుస్థాపన జరిగింది. దేశానికి అది అవసరమే కావచ్చు. ఇలాంటి నిర్ణయాలు వచ్చినప్పుడు అడవి మాట అడగడానికి, కడపటికి ఎంత నీరు వదులుతున్నారని నిలదీయడానికి, ఆ అడవిని కళ్ళారా చూసిన వేలమంది డెల్టా జనం ఉండాలి. అందుకే కొత్తగా బందరుకో అవనిగడ్డకో ఉద్యోగానికొచ్చిన ప్రతి కుటుంబమూ దీన్ని చూడాలంటాను.

జనం వస్తే ప్లాస్టిక్ వస్తుంది, గుడ్లు పెట్టడానికి ఒడ్డుకొచ్చే తాబేళ్ళు బెదురుతాయి అన్న అభ్యంతరం బలమైనదే. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు ఈ ఇసుకలోకి వస్తాయి, రాత్రి వెలుతురు వాటికి శత్రువు. కనుక ఆ నెలల్లో రాత్రిపూట తీరం మూసేయాలి, పగలు గుంపులను లెక్కపెట్టి వదలాలి. కాకినాడ దగ్గర కోరింగలో చెక్క వంతెన మీద నడిచి జనం మడను చూస్తున్నారు. దిగి తొక్కకుండా చూడటం సాధ్యమేనని అది చెబుతోంది. బురద తప్ప చూసేందుకేముందని ఇంకో మాట. బావురుపిల్లి రాత్రి తిరుగుతుంది, పగటి యాత్రికుడికి కనబడదు, నిజమే. కానీ పాటు వేళ బురద మీద గెంతే చేపలు, ఒక డెక్క పెద్దదిగా ఉన్న చిన్న పీతలు, బురద అంచున ఆ పిల్లి అడుగుజాడలు కనబడతాయి. అవి చూపించగలవాళ్ళు ఊళ్ళోనే ఉన్నారు.

చివరి అభ్యంతరం మత్స్యకారులది, అది నాకు అన్నిటికన్నా ముఖ్యం. మండపీతలు పట్టి, పాయల్లో వల వేసి బతికేవాళ్ళకు అభయారణ్యమంటే అడ్డంకి. రేపు యాత్రికులొస్తే తమను ఇంకా దూరం నెడతారన్న భయం వాళ్ళకుంది. కనుక పడవ వాళ్ళదే కావాలి, దారి చూపే మనిషి వాళ్ళలోనివాడే కావాలి, టికెట్టు డబ్బులో వాటా ఊరికి నేరుగా చేరాలి. ఏ పాయలో పోటు ఎప్పుడెక్కుతుందో, పడవ ఎక్కడ ఇసుకలో ఇరుక్కుంటుందో వాళ్ళకు తెలిసినట్టు ఏ శాఖకూ తెలియదు. వెళ్ళదలచినవాళ్ళు నవంబరు నుంచి ఫిబ్రవరిలోపు, తుపాను కబురు లేని రోజు చూసుకుని, ముందుగా అటవీ శాఖ అనుమతి తీసుకోవాలి. నాగాయలంకలో పడవవాణ్ణి పాటు వేళ అడిగి, దాన్నిబట్టి ఇంటి నుంచి బయల్దేరడం మంచిది.