ఫిల్మ్ ఆరబెట్టడం (ఛాయాచిత్రకళ)

డెవలపర్, ఫిక్సర్ దశలు దాటి, నీటితో కడిగిన ఫొటో ఫిల్మును గాలికి ఆరనివ్వడాన్ని ఫిల్మ్ ఆరబెట్టడం అంటారు. ఇంటి డార్క్‌రూములో నెగెటివ్ తయారీకి ఇది చివరి దశ. ఫిక్సర్ పని పూర్తయ్యాక వెలుతురు ఫిల్మును పాడుచేయదు కాబట్టి ఇందుకు చీకటి అక్కర్లేదు. దుమ్ము లేని చోటు మాత్రం తప్పనిసరి.

తడి ఫిల్ము స్వభావం

ఫిల్ముకు ఆధారం సెల్యులోజ్ ట్రైఅసిటేట్ లేదా పాలియెస్టర్ పట్టీ. దాని మీది జెలటిన్ పొరను ఎమల్షన్ అంటారు. నలుపు-తెలుపు ఫిల్ములో బొమ్మను ఏర్పరిచే వెండి రేణువులు ఈ పొరలోనే ఉంటాయి. జెలటిన్ నీరు పీల్చి ఉబ్బుతుంది, మెత్తబడుతుంది. అప్పుడు గోరు తగిలినా గీత పడుతుంది. వాలిన ధూళి అందులోనే అతుక్కుని ఆరిపోతుంది. ఆ లోపం తర్వాత తీసే ప్రతి ప్రింటులోనూ కనబడుతుంది.

మరకలు, నివారణ

నీటిలో కరిగివున్న కాల్షియం, మెగ్నీషియం లవణాలు చుక్కలు ఆరిన చోట తెల్లటి మచ్చలుగా మిగులుతాయి. బోరు నీళ్లలో ఈ బెడద ఎక్కువ. అందుకే చివరిసారి డిస్టిల్డ్ వాటర్‌తో కడగడం మేలు. ఎమల్షన్ మీద నిలిచిన చుక్క చుట్టుపక్కల కన్నా ఆలస్యంగా ఆరితే, జెలటిన్ అక్కడ హెచ్చుతగ్గుగా బిగిసి మచ్చ ఏర్పడుతుంది.

నీటి తలతన్యతను తగ్గించే వెట్టింగ్ ఏజెంట్ దీనికి విరుగుడు. కోడక్ ఫొటో-ఫ్లో 200, ఇల్ఫర్డ్ ఇల్ఫొటాల్ ఈ కోవలోవి. ఫొటో-ఫ్లో 200ను ఒక పాలుకు 200 పాళ్ల నీటిలో కలిపి, ఫిల్మును అర నిమిషం ఉంచితే నీరు చుక్కలు కట్టకుండా పలుచగా జారిపోతుంది. మోతాదు మించితే ఆ ద్రవమే మరకగా మిగులుతుంది.

వేలాడదీయడం

చాలామంది ఫిల్మును స్నానాలగదిలో వేలాడదీస్తారు. ముందుగా కాసేపు వేడినీళ్ల షవర్ వదిలితే ఆవిరికి గాలిలోని దుమ్ము అణుగుతుంది. 36 ఫొటోల 35 మి.మీ. ఫిల్ము ఒకటిన్నర మీటర్లకు పైగా ఉంటుంది కనుక క్లిప్పును ఎత్తులో తగిలించాలి. చుట్టుకుపోకుండా కింది కొసకు బరువైన క్లిప్పు పెట్టాలి. రబ్బరు స్క్వీజీతో తుడిస్తే త్వరగా ఆరుతుంది కానీ, దానికి అంటిన ఒక్క ఇసుక రేణువు ఫిల్ము పొడవునా గీత గీస్తుంది. దాన్ని వాడకపోవడమే క్షేమం. ఫ్యాను గాలి దుమ్మును లేపుతుంది. హెయిర్ డ్రయ్యర్ వేడికి ఫిల్ము ముడుచుకుంటుంది. తలుపు మూసి, ముట్టుకోకుండా వదిలేస్తే సాధారణంగా కొన్ని గంటల్లో ఆరుతుంది. కోస్తా ప్రాంతాల్లో వానాకాలపు తేమకు ఇంకా ఎక్కువసేపు పడుతుంది.

ఆరిన తర్వాత

మచ్చ ఆధారపు వైపున ఉంటే మెత్తటి గుడ్డతో మెల్లగా తుడవవచ్చు. ఎమల్షన్ వైపున ఉంటే తుడవకూడదు. ఫిల్మును మళ్లీ నానబెట్టి, వెట్టింగ్ ఏజెంట్‌లో ముంచి ఆరబెడితే లవణాల మచ్చలు చాలావరకు పోతాయి. 35 మి.మీ. ఫిల్మును సాధారణంగా ఆరు ఫ్రేముల చొప్పున ముక్కలుగా కత్తిరించి కవర్లలో దాస్తారు. తడి పూర్తిగా పోకముందే కవర్లో పెడితే జెలటిన్ దానికి అతుక్కుంటుంది, బూజు కూడా పట్టవచ్చు. అంచులు సహా మొత్తం ఆరిందని నిర్ధారించుకున్నాకే కత్తెర పట్టాలి.