ఆదివారం సాయంత్రం దిగులు

పుట్టింట్లో నాలుగురోజులుండి వచ్చిన మర్నాడు, పాలవాడి కేకకి మెలకువ రాగానే "అమ్మో, మళ్ళీ మొదలు!" అనుకోని ఇల్లాలు ఉందా, చెప్పండి? ఆదివారం సాయంత్రమయ్యేసరికి మావారిదీ అదే దిగులు. అయితే ఆ దిగులు పడడానికైనా ముందు ఒక ఆదివారం ఉండాలి కదా!

బొంబాయి బట్టల మిల్లుల్లో ఒకప్పుడు పొద్దుపొడుపు నుంచి పొద్దుగూకేదాకా పనే. వారానికో సెలవన్న మాట ఖాయంగా లేదు. 1881 ఫ్యాక్టరీ చట్టం చిన్నపిల్లలకు మాత్రం నెలకు నాలుగు సెలవులిచ్చింది, పెద్దల ఊసెత్తలేదు. జ్యోతిరావు ఫూలే అనుచరుడు నారాయణ మేఘాజీ లోఖండే 1884లో కార్మికులను కూడగట్టి, 5,000 పైచిలుకు సంతకాలతో ఆదివారం సెలవు అడిగారు. ఆ తరువాత ఆరేళ్ళు పట్టింది. 1890 ఏప్రిల్‌లో పదివేలమంది చేరిన సభలో ఇద్దరు మిల్లు కూలి స్త్రీలు కూడా లేచి మాట్లాడారు. ఆ కాలంలో, అంతమంది మగవాళ్ళ ఎదుట! నాకైతే రేడియో గదిలో ఒంటరిగా కూర్చుంటేనే గొంతు వణుకుతుంది.

జూన్ 10న యజమానులు దిగొచ్చారు. మర్నాటి ఏడు, 1891లో, వారం సెలవు చట్టంలోకీ ఎక్కింది.

ఆ మొదటి ఆదివారంనాడు ఆ ఇద్దరూ ఏంచేసి ఉంటారంటారు? వారం మాసిన బట్టలన్నీ ఉతికి ఆరేసి ఉంటారు, ఇంకేం చేస్తారు!