సింగరాయకొండ సీమలో బొంత

బొంత అంటే వాడి వాడి మెత్తబడిన నూలుబట్టలను పొరలుగా పేర్చి చేత్తో కుట్టిన పక్కబట్ట. ఒంగోలుకు దక్షిణంగా, సముద్రానికీ కందుకూరు మెట్టలకూ నడుమ ఉన్న సింగరాయకొండ ప్రాంతంలో రెండు మూడు తరాల కిందటిదాకా బొంత లేని ఇల్లు అరుదు. నులకమంచం మీద పరవడానికి, చలిరాత్రి కప్పుకోవడానికి, ఉయ్యాలలో వేయడానికి, ఎడ్లబండిలో ముసలివాళ్లు కూర్చునే చోట మెత్తగా ఉండడానికి అదే ఆధారం. ఇంటి ఆడవాళ్లు ఇంటివాళ్ల కోసమే కుట్టేవారు. అమ్మకానికి రాని వస్తువు కనుక వర్తకుల పద్దుల్లోకి గాని, సర్కారు లెక్కల్లోకి గాని ఎక్కలేదు. అందుకే దాని చరిత్రను ఆ బట్ట చరిత్రలోంచీ, కుట్టిన మనుషుల పనిరోజుల్లోంచీ ఏరుకోవాలి.

సింగరాయకొండ ఒకప్పుడు నెల్లూరు జిల్లా కందుకూరు తాలూకాలోది. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరింది. ఆ జిల్లాకే 1972లో ప్రకాశం పేరు పెట్టారు. వరాహ లక్ష్మీనరసింహస్వామి కొండ, కందుకూరు వాళ్లందరికీ దగ్గరి రైల్వేస్టేషను, పాకల సముద్రతీరం ఈ ఊరికి గుర్తులు. ఉత్తరాన గుంటూరు దాకా పరుచుకున్న నల్లరేగడి నేలల్లో పత్తి తరతరాల పంట. మరి పత్తి ఇంత దగ్గరలో ఉండగా దూది కూరిన రజాయి కాకుండా పాతగుడ్డల బొంత ఎందుకు నిలిచింది? మొదటి కారణం వాతావరణం. కోస్తాలో డిసెంబరు, జనవరి రాత్రులు కూడా ఎముకలు కొరికేంత చల్లగా ఉండవు. దూది దుప్పటితో ఇక్కడ ఉక్కపోస్తుంది. మూడు నాలుగు పొరల పాత నూలుబట్ట వేడిని సరిపడా ఆపుతుంది, చెమటను పీల్చుకుంటుంది, ఉతికితే పూటలో ఆరిపోతుంది. రెండో కారణం ఖర్చు. పత్తి అమ్ముకునే పంట. చినిగిన చీరకు ధర లేదు.

గుడ్డముక్కలు కలిపి కుట్టే అలవాటు ఈ దేశంలో చాలా పాతది. బౌద్ధ భిక్షువుల చీవరాన్ని ముక్కలుగా కోసి, మగధలోని వరిమళ్ల గట్ల మాదిరి వరసలుగా అతికి కుట్టాలని బుద్ధుడు ఆనందుడికి చెప్పినట్టు వినయపిటకంలో ఉంది. ఇప్పటి ప్రకాశం జిల్లాలోని చందవరం స్తూపం దగ్గర నివసించిన భిక్షువుల నియమమూ అదే. ఆ తరువాతి కాలంలో సన్యాసి కప్పుకునే కంథ సంస్కృత వైరాగ్య కవిత్వంలో పదే పదే కనిపిస్తుంది. వీధిలో ఏరిన పీలికలతో కుట్టిన కంథ ప్రస్తావన భజగోవింద స్తోత్రంలో ఉంది. సన్యాసికి అది అన్నీ వదులుకున్నందుకు గుర్తు. సంసారి ఇంట్లో అదే వస్తువుకు పూర్తిగా వేరే అర్థం: ఏదీ వదులుకోకుండా దాచి, పిల్లలకు అందించడం. సింగరాయకొండ బొంత ఈ రెండో కోవలోది.

ఈ తీరం బట్టకు పుట్టినిల్లు. చీరాల దగ్గరి మోటుపల్లి రేవులో సముద్ర వర్తకులకు రక్షణ కల్పిస్తూ కాకతీయ గణపతిదేవుడు 1244-45లో అభయశాసనం వేయించాడు. అదే శతాబ్దం చివర మార్కోపోలో ఈ రాజ్యాన్ని రేవు పేరుతోనే చెప్పి, ఇక్కడి సన్నబట్టను సాలెగూటితో పోల్చాడు. 1611లో ఇంగ్లీషువాళ్ల గ్లోబ్ అనే ఓడ నిజాంపట్నం, మచిలీపట్నం రేవులకు వచ్చింది. వాళ్ల రాతల్లో పెట్టపోలి అన్నది నిజాంపట్నమే. చిరివేరుతో ఎర్రరంగు వేసిన బట్టలు అక్కడినుంచి తూర్పు దీవులకు పోయేవి. తర్వాతి రోజుల్లో మచిలీపట్నం వైపు కలంకారీ పలంగ్‌పోష్‌లు యూరపు సంపన్నుల మంచాల మీద పరుచుకున్నాయి. యూరపులోని నేతవాళ్లు గగ్గోలు పెట్టడంతో ఫ్రాన్సు 1686లో ఈ అద్దకపు బట్టలను నిషేధించింది. ఇంగ్లండు 1700లో ఒకసారి, 1721లో మరింత గట్టిగా చట్టాలు చేసింది. చీరాల, వేటపాలెం మగ్గాల మీద నేసిన రుమాళ్లు ఆ తరువాతా అరబ్బు దేశాలకూ పశ్చిమాఫ్రికాకూ వెళ్లాయి.

ఈ ఎగుమతి కథ పుస్తకాల్లో బాగానే నమోదైంది. నేసినవాళ్లూ నూలు వడికినవాళ్లూ ఏం కప్పుకుని నిద్రపోయారన్నది మాత్రం ఎవరూ రాయలేదు. సన్నబట్ట ఓడెక్కితే ఊళ్లో మిగిలింది ముతకబట్ట. కొత్తలో బిరుసుగా గీరుకునే ఆ ముతక చీర పదేళ్ల ఉతుకులతో మెత్తబడుతుంది. బొంతకు కావలసింది సరిగ్గా ఆ దశలో ఉన్న బట్ట. సన్నబట్ట అప్పటికే చివికిపోయి కుట్టుకు నిలవదు.

కుట్టే విధానం చూడటానికి తేలికే గాని, చేయి తిరగడానికి ఏళ్లు పడుతుంది. ముందు బట్టల ఎంపిక. చీరలు, పంచెలు, లుంగీలు, పరికిణీలు ఒక మూటలో పోగుపడతాయి. వాటిలో గంజి మిగలకుండా ఉతకాలి. గంజి ఉంటే పురుగు పడుతుంది, సూది దిగదు. ఊరి చాకళ్లు చౌడుమట్టి పట్టించి బానలో ఉడకేసి ఉతికిన బట్టయితే దానికి తిరుగు లేదు. తరువాత చినిగిన చోట్లు, కూర్చునే భాగంలో పలచబడిన మేర కత్తిరించి తీసేస్తారు. గట్టిగా ఉన్న అంచులను చించి విడిగా పెడతారు. సుమారు 45 అంగుళాల పన్నా ఉన్న ఆరు గజాల చీరను మూడు సమభాగాలు చేస్తే ఆరడుగుల పొడవున మూడు పొరలు వస్తాయి. అంటే ఒక చీర ఒక మనిషికి పలచని బొంత. పెద్ద బొంతకు మూడు నాలుగు చీరలు, ఒకటి రెండు పంచెలు కావాలి. తెల్ల పంచెలు లోపలి పొరలకు, రంగుచీరలు పైకీ కిందికీ వెళ్తాయి.

అలికి ఆరబెట్టిన వసారాలోనో, చెట్టుకింద చాపల మీదో పొరలు పరిచి, నాలుగు మూలలా బరువులు పెడతారు. మడత పడకుండా అరచేతులతో మధ్యనుంచి అంచులకు తడమడం అన్నిటికన్నా ముఖ్యమైన పని. లోపలి పొర ఒక్కచోట ముడత పడినా ఏళ్ల తరబడి పడుకునేవాళ్ల వీపుకు తగులుతూనే ఉంటుంది. ముందు పెద్ద పెద్ద కుట్లతో పొరలను కదలకుండా పట్టిస్తారు. ఆ తరువాతే అసలు కుట్టు. పెద్ద సూదిలో రెండు మూడు పేటల నూలుదారం ఎక్కించి, పైకీ కిందికీ పోయే సాదా కుట్టు వేస్తారు. కొందరు నిలువు వరసలు కుడతారు. మరికొందరు అంచు దగ్గర మొదలుపెట్టి చుట్లుగా నడిమికి చేరుకుంటారు. వరసల మధ్య రెండు వేళ్ల ఎడం ఉంటే మామూలు బొంత, ఒక వేలికి తగ్గితే ముచ్చటపడి కుట్టింది. దారం లాగిన తీరును బట్టి బట్ట మీద చిన్న చిన్న అలలు లేస్తాయి. ఆ అలలన్నీ ఒకే ఎత్తున ఉంటే పనిమంతురాలి చేయి అని తోటివాళ్లు ఒప్పుకుంటారు. చివరగా దాచిపెట్టిన చీర అంచులను నాలుగు వైపులా మడిచి కుడితే బొంత పూర్తవుతుంది.

ఈ పనికి కాలం వ్యవసాయమే నిర్ణయించేది. మిరపకోతలు ముగిసి, కాయలు కల్లాల్లో ఎండి, బస్తాలు గుంటూరు బండెక్కాక ఎండాకాలపు మధ్యాహ్నాలు చేతికి దొరికేవి. అత్తాకోడళ్లు, ఇరుగుపొరుగు అమ్మలక్కలు బొంతకు చెరొక వైపు కూర్చుని కుట్టేవారు. కూలికి వెళ్లే ఇళ్లలో ఆ తీరిక కూడా ఉండేది కాదు. అక్కడ ఒక బొంత రెండు వేసవుల పని. మిరప కల్లాల దగ్గర కాపలా పడుకునేవాళ్లకూ, ఇరవయ్యో శతాబ్దంలో వర్జీనియా పొగాకు వచ్చాక ఆకును వేడితో ఆరబెట్టే బ్యారన్ల దగ్గర రాత్రంతా మంట చూసుకునేవాళ్లకూ ఈ బొంతలే తోడు.

బొంతల్లో అన్నిటికన్నా శ్రద్ధగా కుట్టేది పసిబిడ్డది. పుట్టిన బిడ్డను కొత్తబట్టలో చుట్టరు. అమ్మమ్మదో నాయనమ్మదో పాత నూలుచీర చింపి పొత్తిళ్లకు వాడతారు. బిడ్డ లేత చర్మానికి గంజీ రంగూ పూర్తిగా పోయిన బట్టే మంచిదన్న అనుభవం ఈ ఆచారానికి మూలం. కాన్పుకు పుట్టింటికి వచ్చిన కూతురికి నెలలు నిండేలోపు తల్లి అరడజను చిన్న బొంతలైనా సిద్ధం చేసేది. తడిసినదాన్ని తీసి ఆరినదాన్ని వేయడానికి అన్ని అవసరం. బారసాల నాడు ఉయ్యాలలో వేసే బొంత మాత్రం వేరు. పూలు, చిలకలు, మామిడిపిందెలు, కొన్నిసార్లు పేరులోని మొదటి అక్షరం రంగుదారాలతో దాని మీద తేలేవి.

ఈ రంగుదారపు పని ఇరవయ్యో శతాబ్దంలో బాగా పెరిగింది. ఆడపిల్లల బడుల్లో కుట్లు, అల్లికలు ఒక పాఠమయ్యాయి. మహిళా పత్రికలు ముగ్గుల పక్కనే పూలకుట్ల నమూనాలు అచ్చువేశాయి. యాంకర్ దారపు చుట్టలు, బట్టను బిగించే రింగులు కందుకూరు, ఒంగోలు అంగళ్లలో దొరికాయి. పెళ్లికి ముందు పిల్ల గొలుసుకుట్టు, కాడకుట్టుతో దిండు గలేబులు, దుప్పట్లు, గుమ్మం తెరలు కుట్టుకుని అత్తారింటికి తీసుకువెళ్లేది. ఆ గలేబులు పాతబడినా వాటి మీది పువ్వులు చెక్కుచెదరవు. పూలున్న మేర కత్తిరించి బొంత నడుమ అతకడం అందరికీ తోచిన పద్ధతి. అలా ఒకే బొంతలో తాత పంచె, అమ్మమ్మ చీర, అమ్మ పెళ్లినాటి గలేబు చేరేవి. కాగితం మీద వంశవృక్షం రాసుకోని ఇళ్లకు ఇంతకన్నా నమ్మకమైన దాఖలా లేదు.

దూదితో చేసే పరుపులు, దిండ్లు వేరే వృత్తివాళ్ల పని. దూదేకులవారు వింటినారితో దూదిని ఏకి మెత్తలు కూరేవారు. జిల్లా పడమటి తండాల్లో సుగాలీ స్త్రీలు అద్దాలు, గవ్వలు పొదిగి కుట్టే గుడ్డపని మరొక ధార. దాని రంగులూ కుట్లూ బొంతకన్నా ఎంతో సంపన్నమైనవి. సాదా బొంతకు దగ్గరి చుట్టాలు కర్ణాటకలో కౌది, మహారాష్ట్రలో గోధడి, బెంగాల్లో కాంతా. బెంగాలీ నక్షీ కాంతా భౌగోళిక గుర్తింపు కూడా పొందింది. పాతచీర అంచులోంచి లాగిన రంగుదారాలతో అక్కడి స్త్రీలు కథలనే కుట్టారు.

కరువుకాలాలు బొంత విలువను పెంచాయి. రెండో ప్రపంచయుద్ధంలో బట్ట దొరక్క 1943లో ప్రభుత్వం నూలుకూ బట్టకూ నియంత్రణ ఉత్తర్వు తెచ్చింది. చీర ముక్క కూడా పారేయలేని ఆ రోజుల్లో పాత బొంతను విప్పి, లోపలి మంచి పొరలు తీసి మళ్లీ కుట్టుకున్నారు. ఇక కుట్టుకు నిలవదనుకున్న బొంత మసిగుడ్డగానో, గొడ్లసావిట్లో దూడ కింద పరుపుగానో మారేది.

చివరికి బొంతను వెనక్కి నెట్టినవి నైలెక్స్, పాలియెస్టర్ చీరలు. అవి చిరగవు, మెత్తబడవు, నీరు పీల్చవు. వాటితో కుట్టిన బొంత మీద పసిబిడ్డకు చెమటకాయలు రావడం తప్ప ఫలితం లేదు. ఇంట్లో రోజూ కట్టే నూలుచీర తగ్గిపోవడంతో బొంతకు ముడిసరుకే లేకుండా పోయింది. పాతబట్టలకు స్టీలుసామాన్లు ఇచ్చేవాళ్లు వీధుల్లోకి వచ్చాక, మిగిలిన నూలుచీరలూ గిన్నెలైపోయాయి. షోలాపూరు చద్దర్లు, మిల్లు రగ్గులు చవకయ్యాయి. ఆడవాళ్లకు తీరిక దొరక్కపోవడమూ ఒక కారణమే. పని చేతకాక ఆగింది మాత్రం కాదు.

ఇప్పుడు పసిపిల్లల బొంతలు మాత్రం నిలిచాయి. మిషను మీద కుట్టి ఇచ్చే దర్జీలున్నారు. అమెరికాలో కూతురి కాన్పుకు వెళ్లే తల్లులు పెట్టెలో పాతచీరల బొంతలు సర్దుకుంటున్నారు. చేతికుట్టు పెద్ద బొంతలు బీరువాల అడుగున కొన్ని మిగిలి ఉన్నాయి. అవి ఉన్నవాళ్లు వాటిని వాషింగ్ మిషనులో వేయకూడదు. చన్నీళ్లలో నానబెట్టి, పిండకుండా నీడన ఆరేసి, ఎండిన వేపాకు వేసి మడిచి పెట్టాలి. ఏ పొర ఎవరి చీర, ఎవరు కుట్టారు, ఏ బిడ్డ పుట్టినప్పుడు కుట్టారు అన్నది చెప్పగల పెద్దవాళ్లు ఇంట్లో ఉండగానే ఆ వివరాలు తెల్లగుడ్డ మీద రాసి మూలన కుట్టిపెట్టుకోవాలి.