చెవి వైద్యుడి కొడుకు

1900 నవంబరు 30న, పారిస్‌లోని ఒక చవక హోటల్ గదిలో, 46 ఏళ్ల నాటక రచయిత ఆస్కార్ వైల్డ్ కన్నుమూశాడు. అతని పేరు చెబితే కొందరికి లండన్ నాటకశాలలు గుర్తొస్తాయి, కొందరికి కోర్టూ జైలూ గుర్తొస్తాయి. నాకు అతని కుడి చెవి గుర్తొస్తుంది. అతన్ని తీసుకుపోయింది ఆ చెవే. ఆ చెవి సంగతి లోకంలో అందరికన్నా బాగా తెలిసిన మనుషుల్లో ఒకరు అతని కన్నతండ్రి.

సర్ విలియం వైల్డ్ డబ్లిన్‌లో కంటికీ చెవికీ వైద్యుడు. 1844లో అక్కడ ఆసుపత్రి పెట్టాడు. మన ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన మరుసటేడు, 1853లో, చెవి జబ్బుల మీద పెద్ద పుస్తకం అచ్చువేయించాడు. చెవి తమ్మె వెనక వేలు పెట్టి చూడండి, గట్టిగా ఒక బొడిపె తగులుతుంది. అక్కడ చీము పట్టినప్పుడు ఎక్కడ కోసి వదిలించాలో చూపినవాడు ఆయన. అది ‘వైల్డ్ కోత’గా వైద్య గ్రంథాల్లో నిలిచిపోయింది. కారే చెవిని తేలిగ్గా తీసుకోవద్దని హెచ్చరించిన ఆ మనిషి 1876లో పోయాడు. కొడుక్కి అప్పటికి 21 ఏళ్లు.

1895 ఏప్రిల్ 5. తన మీద పడ్డ నిందపై ఆస్కార్ వేసిన పరువునష్టం దావా అతని మెడకే చుట్టుకున్న రోజు. ఫ్రాన్స్ వెళ్లే పడవకి ఇంకా వేళ ఉంది. వెళ్లిపొమ్మని స్నేహితులు బతిమాలారు. అతను హోటల్ గదిలో అలాగే కూర్చుండిపోయాడు. సాయంత్రానికి పోలీసులొచ్చారు. మగవాళ్లతో సంబంధం నేరమన్నారు, రెండేళ్ల కఠిన శిక్ష వేశారు. ఈనాడు అక్కడా ఇక్కడా అది నేరమే కాదు.

జైలు ప్రార్థనాలయంలో నీరసించి పడిపోయినప్పుడు ఆ చెవికి దెబ్బ తగిలిందని అతని జీవితకథలు చెబుతాయి. 1896 జూలైలో రెడింగ్ జైలు నుంచి హోంమంత్రికి అర్జీ పెట్టుకున్నాడు. చెవిలో గడ్డలేచి కర్ణభేరికి చిల్లుపడింది, వినికిడి పోతోంది, జైలు వైద్యుడు తన వల్ల కాదంటున్నాడు, విడిచిపెట్టండి అని. విడిచిపెట్టలేదు. చెవి వెనక ఎముకను తొలిచి చీము తీసే ఆపరేషన్‌ను జర్మనీలో ష్వార్ట్జె ప్రకటించి అప్పటికే 23 ఏళ్లు.

పుర్రె అడుగున, చెవిని తనలో దాచుకున్న కణత ఎముక ఎంత చిత్రమైనదో! నడిచెవికి పైకప్పు ఉల్లిపొరంత. దాని మీదే మెదడు. కొందరిలో ఆ కప్పుకి అక్కడక్కడా కంతలే ఉంటాయి. మెదడు నుంచి రక్తాన్ని దించే పెద్ద సిర కొందరిలో వెనక్కి ఒదిగి ఉంటుంది, కొందరిలో చెవి దారి దాకా ముందుకు చొచ్చుకొస్తుంది. మొహాన్ని కదిలించే నరానికి ఎముక గొట్టం కాపు కాయాలి, కొందరిలో ఆ గొట్టం మధ్యలో తెరుచుకుని ఉంటుంది. ఒకే మనిషికి కుడివైపు ఉన్నట్టు ఎడమవైపు ఉండకపోవచ్చు. బతికినన్నాళ్లూ ఈ తేడాలు మనకి తెలియనే తెలియవు. చీముకి తెలుస్తాయి, కత్తికి తెలుస్తాయి.

ఎముకలోకి చూసే కన్ను అప్పుడప్పుడే తెరుచుకుంటోంది. అతన్ని జైల్లో వేసిన ఆ 1895లోనే, నవంబరులో, రాంట్‌గెన్ ఎక్స్‌రేలు కనిపెట్టాడు. ఆ ఏడాదే జనవరిలో మన భీమవరంలో యల్లాప్రగడ సుబ్బారావు పుట్టాడు. ఆయన నడిపిన పరిశోధనల్లోంచి 1948లో ఆరియోమైసిన్ అనే యాంటిబయాటిక్ మందు వచ్చింది. చూపు ఆస్కార్ కాలంలోనే ఊపిరి పోసుకుంది, మందు తెచ్చే మనిషీ అప్పుడే పుట్టాడు. ఆ చూపూ ఆ మందూ అతని దాకా రాలేకపోయాయి.

1897 మేలో విడుదలయ్యాడు. మారుపేరు, అప్పులు, తాగుడు. లోపల పాత చీము. 1900 అక్టోబరు 10న హోటల్ గదిలోనే చెవికి ఆపరేషన్ చేశారు. నవంబరు 27న వైద్యులు కాగితం మీద పెట్టారు: కుడి చెవిలోని పాత చీము మెదడుకి ఎక్కిందని. ఆ తర్వాత మూడు రోజులే.

పోయాక కూడా వదల్లేదు, సుఖవ్యాధితో పోయాడన్నారు. 2000లో లాన్సెట్ పత్రికలో ఇద్దరు దక్షిణాఫ్రికా వైద్యులు ఆ మాటను తోసిపుచ్చారు. కొలిస్టియటోమా, అంటే నడిచెవిలో పెరిగి ఎముకను తినేసే చర్మపు పెరుగుదల, అతన్ని చంపి ఉంటుందన్నారు. నూరేళ్లకి ఆ నింద కొంత చెరిగింది.

మన కాలవగట్ల ఊళ్లలో పిల్లాడి చెవి కారుతుంటే ఇప్పటికీ వెల్లుల్లి కాచిన నూనె పోస్తాం, పెద్దయితే అదే తగ్గుతుందిలే అంటాం. పోయకండి. ఆ చీము కంపు కొడుతుంటే అసలే ఆగకండి. కాకినాడ ప్రభుత్వాసుపత్రిలోనో, దగ్గర్లో ఉన్న చెవి డాక్టరు దగ్గరో చూపించండి. ఆపరేషన్ కావాలంటే ఇవాళ సీటీ స్కాన్‌లో ఆ పైకప్పు ఎక్కడ పలచనో, ఆ సిర ఎంత ముందుకుందో చూసుకున్నాకే కత్తి పట్టే వీలుంది.