సూది, అద్దం, సంఘం పుస్తకం: మలక్‌పేటలో మన లంబాడీ కుట్టుపని కథ



మన సావనీరులో ఏటా పాటల గురించి, పండుగల గురించి, పోరాటాల గురించి చదువుతుంటాం. ఈసారి నేనొక చిన్న గది గురించి రాస్తున్నాను. మలక్‌పేటలోని ఒక సందులో, నెలలో మొదటి ఆదివారం నాడు, చాప పరిచి, మధ్యలో దారపు ఉండలు, అద్దాల డబ్బా, ఒక లెక్కల పుస్తకం పెట్టుకొని కూర్చొనే మా కుట్టుపని సంఘం గది అది. చూడటానికి పెద్ద విశేషం కాదు. కానీ ఆ చాప మీదికి మనం ఎలా చేరామో చెప్పాలంటే నాలుగు వందల ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

ముందు నేను ఈ సంఘంలో ఎందుకు చేరానో చెబుతాను. తండాలో మా ఇంట్లో ఒక ఇనుప పెట్టె ఉండేది. దాని అడుగున మా దాదీ ఫేటియా మడిచి పెట్టి ఉండేది. ఆమె పెళ్లికి ముందు తన చేత్తో కుట్టుకున్న లంగా అది. నేను చిన్నగా ఉన్నప్పుడు స్టీలు సామాన్లవాడు తండాకు వచ్చాడు. పాత బట్టలకు గిన్నెలు ఇస్తానన్నాడు. మా యాడి ఆ ఫేటియా ఇచ్చి ఒక స్టీలు బిందె, రెండు పళ్లేలు తీసుకుంది. తప్పు ఆమెది కాదు, ఇంట్లో బిందె అవసరం ఉంది. చాలా ఏళ్ల తర్వాత నగరంలో ఒక దుకాణంలో దిండు గలీబు చూశాను. అచ్చం అలాంటి కుట్టే, పాత ఫేటియాను ముక్కలుగా కోసి అతికించింది. దాని మీద ధర చీటీ ఉంది గానీ కుట్టిన చేతి పేరు లేదు. అది మా దాదీదే అని చెప్పలేను. కాదని కూడా చెప్పలేను. ఆ రోజు నుంచే ఈ విషయం నన్ను పట్టుకుంది.

బిడారుల కాలం

మనల్ని లంబాడీలు, లంబానీలు, సుగాలీలు, బంజారాలు అని ఒక్కో చోట ఒక్కో పేరుతో పిలుస్తారు. మనల్ని మనం గోర్ అనుకుంటాం. ‘లవణం’ అనే మాట నుంచి లంబాడీ పేరు వచ్చిందని చాలామంది చెబుతారు, ఎందుకంటే ఎడ్ల మీద ఉప్పు, ధాన్యం మోసిన వాళ్లం మనం. 17వ శతాబ్దంలో మొగలు సైన్యాలు దక్కన్ మీదికి వచ్చినప్పుడు వాటి వెనుక ధాన్యం మోస్తూ మన బిడారులూ వచ్చాయి. తర్వాత నిజాముల సైన్యాలకూ, మరాఠాలకూ, ఇంగ్లీషువాళ్లకూ తిండిగింజలు అందించాం. 1803లో మరాఠాల మీద యుద్ధం చేసిన ఆర్థర్ వెల్లెస్లీ ఉత్తరాల్లో మన ఎడ్ల గుంపుల ప్రస్తావన మళ్లీ మళ్లీ వస్తుంది.

మలక్‌పేటకూ ఈ కథతో చుట్టరికం ఉంది. గోల్కొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్‌షా కొలువులోని మాలిక్ యాకూబ్ పేరు మీద ఈ పేట వెలిసిందని చెబుతారు. మలక్‌పేట దాటి కొంచెం ముందుకు పోతే గుట్ట మీద ఫ్రెంచి సేనాని రేమండ్ సమాధి ఉంది. ఆయన 1798లో చనిపోయాడు. జనం నోట ఆయన మూసా రామ్ అయ్యాడు, మూసారాంబాగ్‌కు ఆయన పేరే వచ్చింది. మలక్‌పేట గుర్రప్పందెం మైదానం 1886లో వచ్చింది. సేనానుల సమాధులు, రాజుల మైదానాలు నిలిచాయి. ఆ సేనల వెంట తిండిగింజలు మోసిన వాళ్లకు గుర్తుగా నగరంలో మిగిలింది ఒక గుట్ట పేరు, బంజారాహిల్స్. ఇప్పుడు అక్కడ భూమి ధర ఎంతో మీకు తెలుసు.

రోజూ నడిచేవాళ్లకు గోడలూ అల్మారాలూ ఉండవు. ఉన్నదంతా ఒంటి మీదా, ఎద్దు మీదా ఉండాలి. అందుకే మన ఆడవాళ్లు బట్టనే గట్టి చేసుకున్నారు. ముతక నూలుబట్టను పొరలుగా వేసి, అతుకు మీద అతుకు పెట్టి, దగ్గర దగ్గరగా కుట్టారు. చిరిగిన చోటే పువ్వు పూయించారు. సంచులు, ఎడ్ల మీద కప్పే బట్టలు, నీళ్ల బిందె కింద పెట్టుకునే చుట్టకుదురు, అన్నీ అలాగే తయారయ్యాయి. వాటికి గవ్వలు, పూసలు, అద్దాలు, నాణేలు కుట్టారు. గవ్వ సముద్రం నుంచి వచ్చింది, అద్దం గుజరాత్ వైపు నుంచి వచ్చింది. మన ఫేటియాను చూస్తే మనం నడిచిన దారులన్నీ కనిపిస్తాయి.

దారి మూసుకుపోయిన కాలం

1874లో సికింద్రాబాద్ నుంచి వాడి దాకా రైలు నడిచింది. ఆ తర్వాత రైలు దారులు పెరిగిన కొద్దీ ఎద్దు మీద ధాన్యం మోయించుకునే అవసరం తగ్గిపోయింది. వందల ఏళ్ల వృత్తి ఒకటి రెండు తరాల్లో చేజారింది. ఆ రోజుల్లోనే, 1871లో, బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ తెగల చట్టం తెచ్చింది. తిరిగే జాతులను పుట్టుకతోనే దొంగలుగా లెక్కగట్టిన చట్టం అది. బంజారాల్లో కొన్ని సమూహాలకూ ఆ ముద్ర పడింది. 1952లో ఆ చట్టం రద్దయింది గానీ ముద్ర మాత్రం వెంటనే పోలేదు.

మనవాళ్లు తండాలు కట్టుకొని సేద్యానికీ, కూలికీ దిగారు. తెలంగాణ లంబాడీలను షెడ్యూల్డ్ తెగల జాబితాలో చేర్చింది 1976 నాటి సవరణ చట్టం. మన బంధువులే కర్ణాటకలో షెడ్యూల్డ్ కులాల్లో ఉన్నారు, మహారాష్ట్రలో విముక్త జాతుల్లో ఉన్నారు. కుట్టు ఒకటే, సర్టిఫికెట్లు మూడు రకాలు.

తర్వాత కరువు వచ్చినప్పుడల్లా నల్లగొండ, మహబూబ్‌నగర్ తండాల నుంచి జనం పట్నం దారి పట్టారు. దేవరకొండ వైపు నుంచి వచ్చే సాగర్ రోడ్డు చంపాపేట, సైదాబాద్ మీదుగా మలక్‌పేట వైపు చేరుతుంది. కాబట్టి బస్సు దిగిన చోటుకు దగ్గర్లోనే గుడిసెలు వేసుకున్నారు. మగవాళ్లు అడ్డా మీద నిలబడ్డారు, ఆటోలు నడిపారు. ఆడవాళ్లు ఇటుకలు మోశారు, ఇళ్లలో పనికి కుదిరారు. ఫేటియా కట్టుకొని పోతే వింతగా చూస్తారని చీర కట్టారు. సూది పెట్టెలోకి పోయింది, పెట్టె స్టీలు సామాన్లవాడికి దొరికింది.

సంఘం అంటే ఏమిటి?

చేతిపని చేసేవాళ్లు సంఘం కట్టుకోవడం కొత్త కాదు. నిర్మల్ బొమ్మల కళాకారుల సహకార సంఘం 1955 నాటిది. సండూరులో లంబానీ ఆడవాళ్ల కుట్టుపనికి ఆసరాగా 1984లో సండూరు కుశల కళా కేంద్రం మొదలైంది. ఆ కుట్టుకు తర్వాత భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. 2023 జులైలో హంపిలో జీ-20 సమావేశం జరిగినప్పుడు సండూరు ఆడవాళ్లు కుట్టిన 1,755 వస్తువుల ప్రదర్శన గిన్నిస్ రికార్డులకు ఎక్కింది. మన వైపు చూస్తే, జైనూరు మండలం ఉషేగావ్‌లో ఓజాలు మైనపు దారాలతో అచ్చులు చేసి ఇత్తడి బొమ్మలు పోస్తారు. ఆ ఆదిలాబాద్ డోక్రాకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది.

మన ప్రాంతంలో ఒకప్పుడు సంఘాలు 1350 ఫస్లీ నాటి చట్టం కింద, అంటే నిజాం కాలపు చట్టం కింద, రిజిస్టర్ అయ్యేవి. ఇప్పుడు 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం ఉంది. దాని ప్రకారం కనీసం ఏడుగురు ఉంటే సంఘం పెట్టుకోవచ్చు. వ్యాపారం చేసి లాభం పంచుకోవాలనుకుంటే 1964 నాటి సహకార చట్టమో, 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టమో చూసుకోవాలి. ఈ తేడా తెలియక చాలామంది మొదట్లోనే తడబడతారు.

మా ఏడు సంతకాల్లో మూడు వేలిముద్రలు. తండాలో నాయక్, కార్‌భారి ఉన్నట్టే ఇక్కడ అధ్యక్షురాలు, కార్యదర్శి ఉంటారు. తేడా ఒక్కటే. తండాలో పంచాయితీకి మగవాళ్లు కూర్చునేవారు, ఇక్కడ చాప మీద ఆడవాళ్లు కూర్చుంటారు. మగవాణ్ని నేనొక్కణ్నే, లెక్కలు రాయడానికి.

సభ్యురాలి రోజు

తెల్లవారుజామున లేచి, వంట చేసి, పిల్లల్ని బడికి పంపి, రెండిళ్లలో పని ముగించుకొని మధ్యాహ్నానికి ఇల్లు చేరుతుంది. అప్పుడు గుమ్మంలో వెలుతురు బాగుంటుంది. రెండు గంటలు సూది పడుతుంది. కరెంటు దీపం కింద కుట్టిన దానికీ, ఎండ వెలుతుర్లో కుట్టిన దానికీ తేడా మా పెద్దమ్మలు వేలితో తడిమి చెప్పేస్తారు. బట్ట మీద గీత గీయరు. బట్టలోని పోగులు లెక్కపెట్టుకుంటూ పోతారు. కిలాన్, వేలే, బక్య, మకి, ఇలా ఒక్కో కుట్టుకూ ఒక పేరు. అద్దానికి చుట్టూ దారపు చట్రం కట్టి, దాన్ని గొలుసుకుట్టుతో బిగిస్తారు. చట్రం వదులైతే రెండు ఉతుకుల్లో అద్దం ఊడుతుంది.

నెలకోసారి ఇద్దరు బేగంబజార్ వెళ్లి అద్దాలు, పూసలు, గవ్వలు తెస్తారు. మొదటి ఆదివారం నాడు పని తెచ్చి చాప మీద పరుస్తారు. అప్పుడు అసలు పంచాయితీ మొదలవుతుంది. “నీ అద్దం కదులుతోందే యాడి, విప్పి మళ్లీ కుట్టు” అని చెప్పడం సులువు కాదు. ఒకసారి ఒకామె అలిగి మూడు నెలలు రాలేదు. ఆమె కుట్టిన సంచి దుకాణం నుంచి తిరిగొస్తే నష్టం అందరిదీ. చివరికి ఒక నియమం పెట్టుకున్నాం. ఎవరి పని వాళ్లు చూడకూడదు, పక్కామె చూడాలి. ఆ తర్వాత అలకలు తగ్గాయి.

ధర విషయంలోనే మేం ఎక్కువ నేర్చుకున్నాం. ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒక సంచికి బట్ట, దారం, అద్దాలు కలిపి వంద రూపాయలు, కుట్టడానికి ఇరవై గంటలు అనుకోండి. బేరగాడు నాలుగు వందలు ఇస్తానంటే మూడు వందలు మిగిలాయని సంతోషిస్తాం. గంటకు భాగిస్తే పదిహేను రూపాయలు. ఇళ్లలో పనికి పోయినా అంతకన్నా ఎక్కువే వస్తుంది. ఈ భాగహారం చేసి చూపించిన రోజు గదిలో ఎవరూ మాట్లాడలేదు. అప్పటి నుంచి ప్రతి వస్తువుకూ గంటలు రాస్తున్నాం. గంటల లెక్క చేతిలో ఉంటేనే బేరంలో నోరు లేస్తుంది.

అమ్మకానికి దారులున్నాయి. గిరిజనుల ఉత్పత్తులను అమ్మడానికి కేంద్రం 1987లో ట్రైఫెడ్‌ను ఏర్పాటు చేసింది. మాదాపూర్ శిల్పారామం 1992 నుంచి ఉంది. కేంద్ర జౌళి శాఖ చేతివృత్తుల వాళ్లకు పెహచాన్ కార్డు ఇస్తుంది. కార్డుంటే మేళాల్లో దుకాణానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. మన నాంపల్లి నుమాయిష్ కూడా 1938లో ముల్కీ వస్తువుల ప్రదర్శనగానే పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలైంది, 1946లో నాంపల్లికి మారింది. స్థానికుల చేతిపని స్థానికులకు చూపించాలన్నదే దాని మొదటి ఉద్దేశం. 2018లో మలక్‌పేట మీదుగా మెట్రో వచ్చాక మా వాళ్లు మూటలతో నాంపల్లి చేరడం కూడా సులువైంది.

కష్టాలు లేవనుకోకండి. సరుకు ఇచ్చిన మూడు నెలలకు గానీ డబ్బు చేతికి రాదు. ఈలోగా ఇంటద్దె ఆగదు. మిషను మీద అచ్చు గుద్దిన ‘బంజారా’ సంచి సగం ధరకు దొరుకుతుంది. మా సభ్యుల్లో నలభై ఏళ్ల లోపు వాళ్లు ఇద్దరే.

మీరు చేయగలిగింది

మీ అందరినీ సూది పట్టమని నేను అడగను. మీరు చదువుకోవాలి, ఉద్యోగాలు చేయాలి. మా సభ్యులు గంటలు లెక్కబెట్టి కుట్టేది కూడా మీ ఫీజుల కోసమే. కానీ మూడు పనులు మీ వల్ల అవుతాయి.

ఒకటి, సెలవులకు తండాకు వెళ్లినప్పుడు ఇనుప పెట్టె తెరవండి. ఫేటియా, కాంచళి, సంచి ఏది ఉన్నా ఫోన్లో ఫోటో తీయండి. ఎవరు కుట్టారు, ఎప్పుడు, ఏ కుట్టు పేరేమిటి అని దాదీనో నానీనో అడిగి, వాళ్ల గొంతులోనే రికార్డు చేయండి. రెండు, దగ్గర్లోని సంఘానికి నెలకు రెండు గంటలివ్వండి. లెక్కలు రాయడం, దరఖాస్తులు నింపడం, ఫోటోలు పెట్టడం మీకు వచ్చు, వాళ్లకు రాదు. మూడు, స్టీలు సామాన్లవాడు వస్తే ముందు మీకు ఫోన్ చేయమని ఇంట్లో చెప్పండి.

మా సంఘం ఇప్పుడు ప్రతి వస్తువుకూ ఒక చిన్న బట్ట చీటీ కుడుతోంది. దాని మీద కుట్టినామె పేరు, తండా పేరు ఉంటాయి. మొదటి చీటీలు కుట్టిన రోజు, వేలిముద్ర వేసిన పెద్దమ్మ ఒకామె తన పేరున్న చీటీని చాలాసేపు చేతిలో పట్టుకొని చూసింది. చదవడం రాదు కదా అని నేను చదివి వినిపించబోయాను. “తెలుసు బేటా, నా పేరే” అంది. పక్కామె చూసి బాగుందన్నాకే దాన్ని సంచికి కుట్టింది.

మా దాదీ ఫేటియాకు అలాంటి చీటీ లేదు. మీ ఇంట్లో మిగిలిన దానికైనా ఉండాలని నా కోరిక.