చెప్పులో రాయి తెలియని పాదం



మనిషికి భరింపరాని చిన్న బాధలలో చెప్పులో దూరిన రాయిని కూడా లెక్కవేశాడు వేమన. మన సీమ నేలమీద నడిచినవారికి ఆ మాటను ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. రాయి దూరిన మరుక్షణం ఆగుతాము, చెప్పు దులుపుకుంటాము, మళ్ళీ నడక సాగిస్తాము. మనలను ఆపినది నొప్పి. చెప్పు బిగుతుగా ఉన్నదనీ, మడమ ఒరుసుకుపోతున్నదనీ మనకు తెలియజేసేది కూడా నొప్పే. మరి ఆ నొప్పి తెలియకుండా పోయిన పాదానికి చెప్పు సరిపోయినదీ లేనిదీ ఎవరు చెప్పాలి? ఈ ప్రశ్నకు వైద్యశాస్త్రం సమాధానం కనుగొన్న చరిత్రను నేడు మీతో పంచుకోదలచాను. ఆ సమాధానంలో అధికభాగం మన దక్షిణ దేశంలోనే రూపుదిద్దుకున్నది.

ముందుగా నా పొరపాటు ఒకటి చెప్పుకోవాలి. చాలా ఏండ్ల క్రితం ఎమ్మిగనూరు నుండి ఒక నేతపనివారు నా వద్దకు వచ్చారు. షుగరు వ్యాధి వచ్చి పన్నెండేండ్లు. కుమార్తె పెళ్ళికి కొత్త బూట్లు కొని, తెల్లవారినప్పటినుండి రాత్రి దాకా తొడుక్కునే తిరిగారట. పడుకోబోయే ముందు మేజోడు విప్పితే రక్తం కనిపించింది. "నొప్పే లేదు కద సార్, ఏమైతుందిలే అనుకుంటి" అన్నారు. అప్పటికి మూడు వారాలు గడిచాయి. నేను పుండు శుభ్రం చేశాను, మందులు వ్రాశాను, రక్తంలో చక్కెర పరీక్ష చేయించాను. ఆ బూట్లు తెచ్చి చూపమని మాత్రం అడగలేదు. డబ్బు పోసి కొన్నవి కదా అని ఆయన మళ్ళీ వాటినే తొడిగారు. చివరికి రెండు వేళ్ళు తీసివేయవలసి వచ్చింది. పుండును చూచి, పుండు చేసిన వస్తువును చూడకపోవడం నా తప్పు. ఆ తరువాతనే ఈ చరిత్రను శ్రద్ధగా చదివాను.

పాదానికి తగిన పాదరక్ష అనే ఆలోచన మనం అనుకున్నంత పాతది కాదు. ఐరోపాలో 19వ శతాబ్ది ఆరంభం వరకు కుడి ఎడమల తేడా లేకుండా ఒకే అచ్చు మీద బూట్లు కుట్టడం సర్వసాధారణం. కొన్నవారి పాదమే నొచ్చి, బూటును తన ఆకారానికి తెచ్చుకునేది. 1781లో డచ్చి శరీరశాస్త్రవేత్త పెట్రస్ కాంపర్ బూటు ఆకృతిపై ఒక గ్రంథమే వ్రాసి, పాదం నిర్మాణాన్ని గమనించకుండా బూట్లు కుట్టడాన్ని తప్పుపట్టాడు. 1920లలో అమెరికాలో చార్లెస్ బ్రానక్ పాదం పొడవు, వెడల్పు, వేళ్ళ మొదలు ఉండే చోటు, ఈ మూడింటినీ కొలిచే పరికరాన్ని రూపొందించాడు. ఆ కాలంలోనే బూట్ల దుకాణాలలోకి ఎక్స్-రే పెట్టెలు వచ్చాయి. బూటు తొడిగిన కాలును అందులో ఉంచితే లోపలి ఎముకలు కనిపించేవి. పిల్లలు వేడుకగా మళ్ళీ మళ్ళీ చూచుకునేవారు. ఆ కిరణాల వలన కలిగే హాని అర్థమైన తరువాత, 1957లో పెన్సిల్వేనియా రాష్ట్రంతో మొదలై వాటిపై నిషేధాలు వచ్చాయి. హాని అటుంచి, ఆ పెట్టె చూపినది ఎముకలను మాత్రమే. చర్మం మీద ఎక్కడ ఎంత ఒత్తిడి పడుతున్నదో అది చూపలేదు. ఆ సంగతి తొడిగినవారే నోటితో చెప్పవలసి వచ్చేది.

నేటికీ అంతే. మంచు మీద జారే క్రీడకు వాడే గట్టి ప్లాస్టిక్ బూట్లను నిపుణులు వేడిచేసి సాగదీసి పాదానికి సరిచేస్తారు. అయితే "ఇక్కడ నొక్కుతున్నది" అని క్రీడాకారుడు చెప్పిన చోటనే సాగదీస్తారు. కొలతలన్నీ అయిన తరువాత చివరి మాట నొప్పిదే.

ఆ చివరి మాట లేని పాదాల గురించి మొదట పట్టించుకున్నది కుష్ఠువైద్యులు. మన తెలుగునేల మీద 1915లో నిజామాబాదు ప్రాంతంలోని డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ అనే వైద్యురాలు కుష్ఠురోగుల ఆసుపత్రి స్థాపించారు. ఆ రోజులలో చాల్‌మోగ్రా నూనె సూదులే ప్రధాన చికిత్స. 1940లలో సల్ఫోను మందులు వచ్చి క్రిమిని అణచగలిగాయి. కాని క్రిమి నశించినవారికి కూడా అరికాలి పుండ్లు ఆగలేదు, వేళ్ళు పోవడం ఆగలేదు. కుష్ఠు మాంసాన్నే కుళ్ళబెడుతుందని లోకులతోపాటు వైద్యులలోనూ చాలామంది నమ్మేవారు.

ఈ నమ్మకాన్ని ప్రశ్నించినవాడు పాల్ బ్రాండ్. 1914లో తమిళనాట కొల్లి కొండలలో పుట్టి, ఇంగ్లండులో శస్త్రవైద్యం నేర్చి, 1946లో వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చాడు. చెంగల్పట్టు కుష్ఠు ఆసుపత్రిలో రాబర్ట్ కాక్రేన్ ఆయనకు రోగుల చేతులను, పాదాలను చూపించాడు. ఒకనాడు తుప్పు పట్టిన తాళం ఒకటి బ్రాండ్‌కు ఎంత తిప్పినా రాలేదు. కుష్ఠువ్యాధి సోకిన ఒక బాలుడు వచ్చి సునాయాసంగా తిప్పివేశాడు. చూస్తే నేల మీద రక్తపు బొట్లు ఉన్నాయి. తాళపుచెవి వేలిని ఎముక దాకా కోసింది. ఆ బాలునికి తెలియనే లేదు. అతడు బలవంతుడు కాడు, ఆపే నొప్పి లేనివాడు, అంతే. బ్రాండ్ బృందం ప్రతి గాయానికీ కారణం వెదకింది. ప్రతిదాని వెనుక ఒక దెబ్బో, కాలుడో, ఒరిపిడో కనిపించింది. పిండికట్టు వేసి ఆ చోట భారం పడకుండా చేస్తే ఆ పుండ్లు అందరి పుండ్ల వలెనే మానాయి. మాంసంలో దోషం లేదు. స్పర్శ పోయిన నరంలోనూ, కాలికి తొడిగిన వస్తువులోనూ ఉన్నది.

అక్కడినుండి శస్త్రవైద్యుడు చెప్పుల పనిలో దిగవలసి వచ్చింది. రకరకాల పదార్థాలను పరీక్షించిన పిమ్మట వెల్లూరు, కరిగిరి వైద్యకేంద్రాలలో ఒక పద్ధతి స్థిరపడింది. లోపల సన్నని గాలి గదులు నిండిన మెత్తని మైక్రోసెల్యులర్ రబ్బరు, అంటే ఎం.సి.ఆర్. అడుగున ముల్లు దిగని గట్టి అట్ట. మడమ వెనుక పట్టీ. ఎక్కడా మేకు ఉండరాదు. జాతీయ కుష్ఠు నిర్మూలన కార్యక్రమం కింద నేడు ఉచితంగా ఇచ్చే చెప్పులు ఈ కోవకు చెందినవే.

1966లో బ్రాండ్ అమెరికాలోని కార్విల్ ఆసుపత్రికి వెళ్ళాడు. అక్కడ మధుమేహుల పాదాలలో వెల్లూరులో చూచిన పుండ్లే ఆయనకు కనిపించాయి. మధుమేహం పాదాల ఎముకల కీళ్ళను నొప్పి లేకుండానే విరూపం చేయగలదని 1936లోనే విలియం జోర్డన్ గుర్తించాడు. కుష్ఠుపాదం నేర్పిన పాఠమంతా ఇప్పుడు షుగరు పాదానికి పనికివచ్చింది. భారత వైద్య పరిశోధనా మండలి 2023లో ప్రకటించిన అధ్యయనం ప్రకారం మన దేశంలో మధుమేహులు సుమారు 10.1 కోట్లు. నాడు కొద్దిమందికి కుట్టిన చెప్పు నేడు ఎందరికి అవసరమో ఆలోచించండి.

స్పర్శ లేని పాదం మూడు విధాలుగా చెడుతుందని బ్రాండ్ వివరించాడు. ఆ మూడూ మన ఊళ్ళలోనే ఉన్నాయి. మొదటిది, ఒక్కసారిగా దిగే పదును. ఆదోని చుట్టూ నల్లరేగడి చేలలో పత్తికట్టె కోసిన తరువాత మిగిలే మోళ్ళు, తుమ్మముళ్ళు, వలస వెళ్ళిన చోట కట్టడాల దగ్గరి మేకులు ఇందుకు ఉదాహరణలు. రెండవది, కొద్దిపాటి ఒత్తిడే అయినా గంటల తరబడి ఒకే చోట పడడం. అప్పుడు అక్కడికి రక్తం చేరక చర్మం చచ్చిపోతుంది. ఆ పెళ్ళి బూట్లు చేసినది ఇదే. మూడవది, మధ్యరకపు ఒత్తిడి ఒకే చోట వేలసార్లు పడడం. 1938లో మాచాని సోమప్ప గారు నేతగాళ్ళ సహకార సంఘం స్థాపించిన ఎమ్మిగనూరులో గుంతమగ్గం తెలియనివారు ఉండరు. ఉత్తకాళ్ళతో మగ్గపు చెక్కలను రోజంతా తొక్కే పాదంలో ఒకే భాగం మళ్ళీ మళ్ళీ నలుగుతుంది. మామూలు పాదమైతే నొప్పి వలన కాలు కొంచెం పక్కకు జరిపి తొక్కుతాడు. నొప్పి తెలియనివాడు అదే చోట తొక్కుతూనే ఉంటాడు. ఆ చోట వాచి, కాయ కాచి, కాయ కిందనే పుండు పడుతుంది.

కాబట్టి నొప్పి చేయవలసిన పనిని కన్ను, చేయి, గడియారం చేయాలి. ఇంటిలో ఇట్లా చేయండి.

మీ పాదంలో స్పర్శ ఉన్నదో లేదో మొదట తెలుసుకోండి. మీరు కళ్ళు మూసుకోండి. ఇంటిలోని మరొకరు మీ రెండు పాదాల బొటనవేలు, నడిమివేలు, చిటికెనవేలు కొసలను ఒకటి రెండు సెకండ్లు తేలికగా తాకాలి, నొక్కరాదు. తాకిన ప్రతిసారీ చెప్పండి. ఆరింటిలో రెండు, అంతకు మించి తెలియకపోతే వైద్యుని వద్దకు వెళ్ళండి. ఆయన పది గ్రాముల సన్నని నైలాను తీగతో మరింత నిశ్చయంగా పరీక్షిస్తారు.

పాదరక్షలు సాయంత్రం కొనండి, అప్పటికి పాదం కొంత వాచి ఉంటుంది. రెండు పాదాలూ కొలిపించి, పెద్దదానికి సరిపోయేది తీసుకోండి. కాగితం మీద నిలబడి పాదం చుట్టూ గీత గీయించి, కత్తిరించి, ఆ కాగితాన్ని బూటులో పెట్టి చూడండి. అంచులు ముడుచుకుంటే ఆ బూటు మీది కాదు. అన్నిటికంటె పొడవైన వేలి ముందు బొటనవేలి వెడల్పు ఖాళీ ఉండాలి. లోపల చేయి పెట్టి కుట్టు, మేకుమొన ఉన్నాయేమో తడిమి చూడండి. స్పర్శ లేనివారు బిగుతుగా ఉంటేనే కాలికి పట్టినట్లు భావించి చిన్నవి కొంటారు. ఇది తరచు చూచే పొరపాటు. హవాయి చెప్పు, బొటనవేలి ఉంగటం ఉన్న చెప్పు కూడా వద్దు. వేళ్ళ సందున ఒరుసుకుంటుంది, జారిపోయినా తెలియదు.

కొత్తవాటిని మొదటి రోజు గంటకు మించి తొడగరాదు. విప్పి చూడండి. ఎర్రబడిన చోటు ఇరవై నిమిషాలలో మామూలు కాకపోతే అక్కడ చెప్పు నొక్కుతున్నట్లే. శ్రావణంలో ఉరుకుంద ఈరన్న స్వామి దర్శనానికి వెళ్ళేవారైనా, మండుటెండలో గుడి బండలమీద నడిచేవారైనా, స్పర్శ లేకపోతే మధ్యాహ్నం మానుకోండి, లోపల మందపాటి మేజోళ్ళు వాడండి. ఆ జాగ్రత్త వలన భక్తికి లోటు రాదు.

ఆ నేతపనివారు తరువాత చాలాకాలం నా వద్దకు వచ్చేవారు. రాగానే కాలు చూపడానికి ముందు చెప్పులు విప్పి నా బల్ల మీద పెట్టేవారు. నేనే అట్లా అలవాటు చేశాను. మీరు కూడా వైద్యుని వద్దకు వెళ్ళినప్పుడు పాదాన్నే కాక పాదరక్షను కూడా చూపండి. ప్రతి ఉదయం తొడిగే ముందు చెప్పును తలక్రిందులు చేసి దులపండి. లోపల రాయి ఉంటే నేల మీద పడిన చప్పుడైనా వినబడుతుంది.