ముందే సిద్ధమైన పుటలు

అచ్చుకూటములో ఒకసారి ఫారము కట్టి వేయి ప్రతులు తీసినచో, వేయిమంది పాఠకులకొరకు వేయిసార్లు అక్షరములు కూర్చవలసిన పని లేదు. ఈ చిన్న సత్యము వెబ్ చరిత్రలో కొంతకాలము వెనుకబడి, మరల ముందుకు వచ్చినది.

1990 చివర జెనీవా సమీపమందలి సెర్న్ పరిశోధనాలయములో టిమ్ బెర్నర్స్-లీ నెలకొల్పిన తొలి సైటు కేవలము ఫైళ్ల కూర్పు. పాఠకుడు కోరిన ఫైలును సర్వరు ఉన్నదున్నట్లు పంపెడిది. ఇట్టి వానిని స్థిరపుటలందురు. అయితే నూరు పుటలపై ఒక శీర్షిక మార్చవలెనన్నచో నూరు ఫైళ్లను చేతితో దిద్దవలెను. 1993లో అమెరికాలోని ఎన్.సి.ఎస్.ఏ. సంస్థ వారు ప్రవేశపెట్టిన సి.జి.ఐ. పద్ధతితో, పాఠకుడు కోరినప్పుడెల్ల ఒక ప్రోగ్రామును నడిపి పుటను అప్పటికప్పుడు కూర్చుట సాధ్యమైనది.

బ్లాగులు వ్యాపించిన దినములలో, 2001లో వెలువడిన మూవబుల్ టైప్ మధ్యేమార్గమును పట్టినది. వ్యాసములను డేటాబేసులో దాచి, పుటలను మాత్రము ఫైళ్లుగా తీసి ఉంచెడిది. పేరు కూడ అచ్చుకూటమునుండి వచ్చినదే! కాని వ్యాసములు పెరిగినకొలది, మూసలో ఒక్క మార్పు చేసినను పుటలన్నియు మరల తయారగువరకు రచయిత వేచియుండవలసి వచ్చెను. 2003లో పుట్టిన వర్డ్‌ప్రెస్‌లో ఈ నిరీక్షణ లేదు. పుట కోరినప్పుడే తయారగును. పాఠకులు ఒక్కసారి గుమిగూడినచో డేటాబేసు కుప్పకూలుటయు, ప్రోగ్రామును ఎప్పటికప్పుడు సరిచేయకున్న దుండగులు చొరబడుటయు ఈ సౌకర్యమునకు చెల్లించిన మూల్యము.

2008లో టామ్ ప్రెస్టన్-వెర్నర్ జెకిల్ అను సాధనమును వెలువరించెను. ఇందు డేటాబేసు లేనే లేదు. రచయిత సామాన్యమైన పాఠ్యఫైలులో వ్రాయును. శీర్షికకు ముందొక గుర్తు, నొక్కి చెప్పు మాటకు ఇరువైపుల నక్షత్రపు గుర్తులు ఉంచిన చాలును. ఇది 2004లో జాన్ గ్రూబర్ ప్రకటించిన మార్క్‌డౌన్ పద్ధతి. జెకిల్ ఆ పాఠ్యమును మూసలో పోసి, రచయిత కంప్యూటరుమీదనే పుటలన్నిటిని తయారుచేయును. సర్వరుకు మిగిలిన పని వానిని అందించుటయే. శీర్షిక మార్చవలెనన్న మూసను ఒక్కచోట దిద్దిన చాలును. అదే సంవత్సరము చివర గిట్‌హబ్ ఇట్టి పుటలను తన సర్వర్లనుండి ఉచితముగా ప్రచురించు సదుపాయము కల్పించినది.

2013 అక్టోబరు 1న అమెరికా ప్రభుత్వపు ఆరోగ్యబీమా సైటు అమ్మకములకు తెరవబడినది. సమాచార భాగమును జెకిల్‌తో నిర్మించియుండిరి. బీమా కొనుటకై పేరు నమోదు చేసికొను భాగము వేరు. మొదటిదినమే స్తంభించిపోయినది అదియే. అంతమాత్రమున స్థిరపుటలే సర్వస్వమనుట న్యాయము కాదు. ఒక్కొక్క కుటుంబపు ఆదాయమును బట్టి సహాయమును లెక్కకట్టు పని ముందుగా తయారుచేసిన పుటవలన కాదు గదా!

పుటలు వేలసంఖ్యకు చేరినప్పుడు జెకిల్‌తోను పాత నిరీక్షణ తిరిగివచ్చినది. స్టీవ్ ఫ్రాన్సియా 2013లో గో భాషలో వ్రాసిన హ్యూగో అట్టి సైట్లను సైతము కొలది సెకండ్లలో తయారుచేయగలదు.